పళ్ళసెట్టు పెట్టుకున్న మేజోడు ఎవరి బొమ్మ?

దంతశాల:

నేను గుంటూరులో ఒక చిన్న డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పన్నెండేళ్ళుగా పళ్ళసెట్లు చేస్తున్నాను. డాక్టర్లు పంపిన అచ్చులో ప్లాస్టర్ పోయడం, మైనం మీద పళ్ళు పేర్చడం, ఆక్రిలిక్ ఉడికించడం, మెరుగు పెట్టడం. రోజంతా ఇదే. సినిమాల గురించి చదువుకున్నదాన్ని కాదు. ఈ సినిమా ఫోరంలో తెలిసినవాళ్ళున్నారని అడుగుతున్నాను, కొంచెం పొడుగైతే ఏమీ అనుకోవద్దు.

మూడు నెలల కిందట మా తమ్ముడు విజయవాడలో ఒక ఫిల్మ్ క్లబ్‌కి తీసుకెళ్ళాడు. చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయెర్ 1988లో తీసిన 'ఆలిస్' వేశారు, 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' కథే. అందులో గొంగళిపురుగు ఒక మేజోడు. ఉత్త కాలి మేజోడు, దానికి రెండు గాజు కళ్ళు, ఒక పళ్ళసెట్టు. అది నోరు తెరిచి మాట్లాడేసరికి హాలంతా గమ్మునుంది, నేనొక్కదాన్నే పకపకా నవ్వేశాను. తమ్ముడు మోచేత్తో పొడిచాడు. ఏం చేయను, బల్ల మీద రోజూ చూసే వస్తువు తెర మీదకొచ్చి పెద్దమనిషిలా నీతులు చెప్తుంటే! కాసేపటికి దానికి నిద్రొచ్చింది. కళ్ళు మూసుకోలేదు, కళ్ళకి దారంతో కుట్లు పడ్డాయి. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

తెల్ల కుందేలు కూడా అంతే. గడ్డి కూరి నిలబెట్టిన చచ్చిన కుందేలు. పొట్ట చిరిగి రంపపు పొట్టు కారుతుంటుంది, ఆ పొట్టునే చెంచాతో తింటుంది.

సినిమా అయ్యాక ఒక సార్ లేచి అంతా కమ్యూనిస్టు ప్రభుత్వం గురించేనని చెప్పారు. కుందేలు అంటే అధికారి, రాణి అంటే పార్టీ, ఆలిస్ అంటే ప్రజ. లెక్క సరిపోయింది, అందరూ తల ఊపారు. నాకే ఎక్కడో పళ్ళ పొందిక కుదరలేదు. పైపళ్ళు, కిందిపళ్ళు చూడ్డానికి బాగానే ఉంటాయి, పేషెంటు నోరు మూస్తే ఒక పక్క తగులుతుంది, ఇంకో పక్క తగలదు. అలా అనిపించింది.

తర్వాత వారం చిన్న సినిమాలు వేశారు. ఇంకో చెక్ దర్శకుడు యిర్జీ త్రన్కా తీసిన 'చెయ్యి' ఒకటి. అది మా అమ్మక్కూడా అర్థమవుతుంది. ఇంకొకటి ష్వాంక్‌మాయెర్ 1990లో తీసిన 'బొహీమియాలో స్టాలినిజం మరణం'. అందులో ఒక చోట నా ఒళ్ళు జలదరించింది. అచ్చుల్లోంచి మట్టి కార్మికులు వరసగా బయటికొస్తారు, అందరిదీ ఒకటే మొహం. కొంచెం నడుస్తారు, ఉరి పడుతుంది, మళ్ళీ ముద్దయిపోయి అదే మట్టిలో కలుస్తారు. నేను రోజూ చేసేది అదే పని. కాకపోతే నా దగ్గర ప్రతి అచ్చూ ఒక మనిషిది. ఏ రెండు దవడలూ ఒకలా ఉండవు. ఒకలా ఉన్నాయంటే నేను తప్పు చేసినట్టు.

నా ప్రశ్నలు రెండు. ఈ సినిమాల్లో ప్రతి బొమ్మా ఎవరికో ప్రతినిధేనా? ఇది ప్రభుత్వం, ఇది ప్రజ అని గుర్తు పట్టేస్తే చూడ్డం అయిపోయినట్టేనా?

రెండోది నా సొంత గొడవ. నేనూ ఫోన్‌తో ఒక నలభై సెకన్ల సినిమా మొదలుపెట్టాను. సెకనుకి పన్నెండు ఫొటోల లెక్కన నాలుగు వందల ఎనభై. ల్యాబ్‌లో పాత ప్లాస్టర్ దవడలు రెండు రాత్రిపూట మాట్లాడుకుంటాయి, కథ అంతే. వాటికి మొహాలు చేద్దామని బంకమట్టి ప్యాకెట్టు కొన్నాను. అందులో 'స్కిన్ కలర్' అని ఒక కడ్డీ ఉంది, లేత గులాబీ. నాకు ఆక్రిలిక్ డబ్బా గుర్తొచ్చింది. చిగుళ్ళ రంగు అని మాకు వచ్చేదీ గులాబీయే. నేను సెట్లు చేసేది మిరపయార్డు కూలీలకి, రిటైరైన టీచర్లకి. వాళ్ళలో చాలామంది చిగుళ్ళు ముదురు గోధుమరంగు, కొందరివి నలుపు. సెట్టు పెట్టుకుని నవ్వితే నోట్లో ఇంకెవరి నోరో కనిపిస్తుంది. బొమ్మకి ఏ రంగు మట్టి వాడాలన్న దగ్గరే పదిరోజులుగా ఆగిపోయాను. పిచ్చి ప్రశ్న అనిపిస్తే చెప్పేయండి.

పాతరీలు:

పిచ్చి ప్రశ్న కాదమ్మా. నేను హైదరాబాదులో ముప్పయ్యేళ్ళు ఫిల్మ్ సొసైటీల్లో కుర్చీలు సర్దినవాణ్ణి, ఆ సార్ లాంటి ప్రసంగాలు నేనూ దంచాను. అందుకని కాస్త అధికారంతో చెప్తున్నా: ఆయన చెప్పింది అబద్ధం కాదు, సోమరితనం.

త్రన్కాతో మొదలుపెడదాం. 'చెయ్యి' 1965 నాటిది, పద్దెనిమిది నిమిషాలు, ఒక్క మాట ఉండదు. బొమ్మ కుమ్మరి ఒకడు తన గులాబీ మొక్కకి కుండ చేసుకుంటుంటాడు. తొడుగేసుకున్న పెద్ద చెయ్యి వచ్చి కుండ కాదు, నా విగ్రహం చెయ్యమంటుంది. బతిమాలుతుంది, డబ్బు చూపుతుంది, వయ్యారాలు పోతుంది, చివరికి తాళ్ళు కట్టి పంజరంలో పెట్టి చెక్కిస్తుంది. అతను తప్పించుకొస్తాడు, తలుపులకి మేకులు కొట్టుకుంటాడు, తన కుండే నెత్తిన పడి పోతాడు. చెయ్యి వచ్చి సర్కారు లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తుంది. 1969 డిసెంబరులో త్రన్కా పోయినప్పుడు ఆయనకీ సర్కారు లాంఛనాలే జరిగాయి. కొన్ని నెలలకే ఆ సినిమా ప్రింట్లు జప్తు చేశారు, దాదాపు ఇరవయ్యేళ్ళు జనానికి కనపడలేదు.

అక్కడ లెక్క సూటిగా ఉంది. కుమ్మరి కళాకారుడు, చెయ్యి అధికారం. కానీ ఒకటి చూడు. బొమ్మ చెక్కది, చెయ్యి నిజం మనిషిది. బొమ్మని ఆడించేది ఎప్పుడూ మనిషి చెయ్యే కదా! త్రన్కా కూడా బొమ్మలకి చెయ్యే. తనమీద తనకే అనుమానమున్న సినిమా అది. ఆ సంగతి మేం సభల్లో ఎప్పుడూ చెప్పలేదు, మాకు తట్టలేదు.

ఇక ష్వాంక్‌మాయెర్. 1972లో ఒక చిన్న సినిమా తీశాక ఆ దశకంలో చాలాకాలం ఆయన్ని సినిమా చెయ్యనివ్వలేదు. ఆ ఖాళీలో సెరామిక్స్ చేశాడు, చూపు పక్కనపెట్టి చేత్తో తడిమి తెలుసుకునే వస్తువులతో ప్రయోగాలు చేశాడు. తిరిగొచ్చి 1982లో 'సంభాషణ కొలతలు' తీశాడు. బెర్లిన్‌లో దానికి బహుమతి వచ్చింది, సొంత దేశంలో మాత్రం ఇలాంటివి తీయకూడదని పార్టీ భావజాల కమిటీకి ఉదాహరణగా చూపించారు. అందులో కూరగాయల తల ఒకటి, వంటసామాను తల ఒకటి, పుస్తకాలూ కాగితాల తల ఒకటి. ఒకటి ఇంకోదాన్ని మింగి, నమిలి, కక్కుతుంది. మింగినకొద్దీ ముక్కలు చిన్నవవుతాయి, చివరికి అన్నీ ఒకే నున్నటి మట్టితలలు. ఏ తల పార్టీ, ఏ తల ప్రజ? నేను చాలా ఏళ్ళు వెతికాను. మా ఇంట్లో ఆస్తి పంపకాల పంచాయితీ జరిగిన రోజు రాత్రి దొరికింది. వెతకడం మానేశాను.

నువ్వు చూసిన స్టాలినిజం సినిమా ఆఖరు గుర్తుందా? ప్రభుత్వం మారిపోయింది. జెండా రంగులు పులిమిన అదే స్టాలిన్ తల మళ్ళీ బల్లమీదకొస్తుంది, మళ్ళీ కత్తి దిగుతుంది. లోపల ఏముందో చూపించకుండానే ఆపేస్తాడు. అంతా కమ్యూనిజం గురించే అయితే ఆ ఆఖరి కోత ఎందుకు? 1992లో, అంటే పార్టీ దిగిపోయాక, 'తిండి' అని ఇంకోటి తీశాడు. హోటల్లో ఇద్దరు కూర్చుంటారు. వెయిటర్ రాడు. ప్లేట్లు తింటారు, బట్టలు తింటారు, బల్ల తింటారు, చివర్న ఒకడు రెండోవాడి వైపు చూస్తాడు. వెయిటర్ రాకపోవడం ఏ ప్రభుత్వంలోనైనా జరిగేదే.

ప్రాగ్‌లో పెసరట్టు:

పాతరీలు గారికి దండం. నేను ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. త్రన్కా పేరు పలకడం నేర్చుకోడానికే నాకు ఏడాది పట్టింది. చెక్‌లో నాలుగు హల్లులు వరసగా వస్తాయి, మధ్యలో అచ్చుండదు. దంతశాల గారు అచ్చులు పోస్తారు కాబట్టి చెప్తున్నా, చివరిదాకా అచ్చు రాని పేరు ఆయనది.

నేను చెప్పదలచింది చిన్న విషయం. ఇక్కడ బొమ్మంటే పిల్లల సరదా మాత్రమే కాదు. జర్మన్ పెద్దింటి భాషగా చలామణీ అయిన రోజుల్లో ఊరూరా తిరిగిన బొమ్మలాటవాళ్ళు పల్లెల్లో చెక్‌లో ఆడారు. ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో యోసెఫ్ స్కూపా అనే ఆయన స్పేబ్ల్, హుర్వీనెక్ అని తండ్రీకొడుకుల బొమ్మలు ఆడించాడు. తండ్రి చాదస్తం, కొడుకు కొంటె. జర్మన్ల ఆక్రమణలో 1944లో స్కూపాని గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసు, పట్టుకెళ్ళింది. డ్రెస్డెన్ జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది ఆ ఊరి మీద బాంబులు పడ్డ రాత్రి తప్పించుకున్నాడు. త్రన్కా చిన్నప్పుడు ప్ల్జెన్‌లో ఆయన శిష్యుడే. ష్వాంక్‌మాయెర్‌కి ఎనిమిదో ఏట క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్ళు బొమ్మల థియేటర్ కొనిచ్చారు, తర్వాత ప్రాగ్‌లో బొమ్మలాట చదువే చదివాడు. 2016లో యునెస్కో ఈ కళని వారసత్వ జాబితాలో చేర్చింది, ఇప్పుడు చార్లెస్ వంతెన దగ్గర ప్రతి దుకాణంలో మంత్రగత్తె బొమ్మ వేలాడుతుంటుంది. ధర అడిగి బయటికొచ్చేశాను.

కాబట్టి ఇక్కడివాళ్ళు బొమ్మని చూడగానే 'దీన్ని ఎవరు ఆడిస్తున్నారు?' అని ఎదురుచూస్తారు. అది వాళ్ళకి అలవాటు. మనవాళ్ళకి అర్థం కాదని కాదు.

కేతిగాడి మనవడు:

మనవాళ్ళకి ఆ అలవాటు లేదని ఎవరన్నారు సార్?

మాది అనంతపురం వైపు. మా తాతది తోలుబొమ్మల మేళం. ఇంట్లో మరాఠీ కలిసిన మాట, తెర వెనక తెలుగు పద్యం. నేను ఇప్పుడు బెంగళూరులో యానిమేషన్ స్టూడియోలో కుందేళ్ళకి బొచ్చు పెడుతుంటాను, కంప్యూటర్లో. తెల్ల కుందేళ్ళే.

మా ఆటలో రాముడు నీలం. అందగాడు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు మాత్రం నల్లగా, పొట్టిగా, పెద్ద పెదాలతో, పెద్ద పొట్టతో. రావణుడి సభ జరుగుతుంటే మధ్యలో వీళ్ళు దూరి బూతులాడతారు, కరణాన్ని తిడతారు, ఆ ఊరి పెద్ద పేరు పెట్టి ఎగతాళి చేస్తారు. పెద్దాయన ముందు వరసలో కూర్చుని నవ్వాల్సిందే, లేచిపోతే ఇంకా తిడతారు. అక్కడ విమర్శ అంతా ఆ ముగ్గురి నోట్లోనే ఉంటుంది.

కానీ దంతశాల అక్క రంగు సంగతి ఎత్తింది కాబట్టి దాచకుండా చెప్తా. బంగారక్కని చూసి జనం ఎందుకు నవ్వుతారు? మాటకి సగం, ఆకారానికి సగం. నలుపు, లావు, నోరుగల ఆడది, అదే జోకు. మా చెల్లెల్ని బడిలో బంగారక్కా అని పిలిచేవాళ్ళు. తాతతో చెప్తే బొమ్మ మీద బెంగెందుకురా, బంగారక్క లేకపోతే ఆటే లేదు అన్నాడు. చెల్లెలూ తాతా ఇద్దరూ నిజమే చెప్పారు. కొందరికి ఊరిపెద్దని తిట్టే హక్కు దొరికిన చోటే ఇంకొందరికి తిట్టు దొరుకుతుంది.

ఇంకొక మంట. మేజోడుకి పళ్ళు పెడితే సర్రియలిజం, కలల్లాంటి వింత కళ. చర్మం గీసి, రంగేసి, దీపం ముందు ఆడిస్తే జానపదం. మా తాతకి ఈ రెండు ముక్కలూ తెలియవు. ఆటకి కూలి ఎంతన్నదే అడిగేవాడు.

అక్కా, ప్యాకెట్టు మట్టి పారెయ్.

వంటింటి కెమెరా:

బంగారక్క గురించి చదివాక నాకూ ఒకటి చెప్పాలనిపించింది. అందరూ కుందేలు, మేజోడు అంటున్నారు, పిల్ల నోటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

'ఆలిస్'లో మొహం కనిపించే మనిషి ఒక్క పిల్లే. మిగతావన్నీ బొమ్మలు, ఎముకలు, వస్తువులు. ఏ వస్తువు మాట్లాడినా తెరనిండా ఆ పిల్ల పెదాలు వస్తాయి, 'అంది తెల్ల కుందేలు' అని ఆమే చెప్తుంది. అన్ని గొంతులూ ఆమెవే. కాబట్టి ఆలిస్ అంటే అణగారిన ప్రజ అన్న సార్‌కి నా మనవి: అణగారినదాని చేతిలో కథ మొత్తం ఉంటుందా? మేజోడు నీతులు చెప్పింది అంటున్నాం, ఆ నీతుల్ని ఎగతాళి గొంతుతో పలికింది ఆ పిల్లే. బడి నుంచొచ్చి టీచర్ని అనుకరించే పిల్లలా.

ష్వాంక్‌మాయెర్ ఆడవాళ్ళని ఎప్పుడూ బాగా చూపిస్తాడని మాత్రం అనను. 2000లో వచ్చిన 'ఒతెసానెక్'లో పిల్లల్లేని భార్య చెట్టుమొద్దుని బిడ్డనుకుని పెంచుతుంది. అది అందర్నీ తినేస్తుంది. ఆ సినిమా చూస్తూ నాకు చాలా కోపమొచ్చింది. పిల్లల్లేని ఆడదాని దుఃఖాన్ని పిచ్చిగా చూపడం మనకేమైనా కొత్తా? పండక్కి పుట్టింటికి వెళ్తే చాలు. కానీ రెండోసారి చూసినప్పుడు ఆమె పిచ్చిదై పుట్టలేదని గమనించాను. చుట్టూ ఎవరి కళ్ళు చూసినా అవే ప్రశ్నలు. సినిమా మధ్యలో పాత జానపద కథ గీతల బొమ్మలుగా వస్తుంది, అవి ఆయన భార్య ఏవా ష్వాంక్‌మాయెరోవా వేసినవి. ఆమె స్వయంగా సర్రియలిస్టు చిత్రకారిణి, 2005లో పోయింది. వాళ్ళిద్దరి పనిలో ఏది ఎవరిదో వేరుచెయ్యలేం, పేరు మాత్రం మనం ఒక్కటే చెప్పుకుంటాం. ఈ చర్చలో కూడా ఇప్పటిదాకా అంతే జరిగింది, చూసుకోండి.

పాతరీలు:

చూసుకున్నానమ్మా. ముప్పయ్యేళ్ళు కుర్చీలు సర్దినా ఆమె పేరు నేను ఒక్క ప్రసంగంలోనూ ఎత్తలేదు.

దంతశాల:

అందరికీ థాంక్స్. రెండు రోజులు ల్యాబ్‌లో పని ఎక్కువై రాలేకపోయాను, పెళ్ళిళ్ళ సీజన్‌లో అందరికీ పళ్ళు కావాలి.

మీరు చెప్పాక 'సంభాషణ కొలతలు' మళ్ళీ చూశాను, ఫోన్లో, ఆపి ఆపి. మట్టి మొహాల మీద వేలిముద్రలు కనిపిస్తున్నాయి. ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ ముద్ర మారుతోంది, చర్మం కింద ఏదో కదులుతున్నట్టు. మాకైతే అది పెద్ద తప్పు. మైనం మీద వేలిముద్ర ఉంటే సెట్టు తిప్పి పంపిస్తారు. ఆయన తుడవలేదు. త్రన్కా చెయ్యి గురించి పాతరీలు గారు చెప్పింది అక్కడ అర్థమైంది నాకు. బొమ్మ ఎవరి బొమ్మో తేలకపోవచ్చు, ఎవరో దాన్ని నొక్కి చేశారని మాత్రం ప్రతి ఫొటోలోనూ కనిపిస్తోంది.

కేతిగాడి మనవడు తమ్ముడూ, ప్యాకెట్టు పారెయ్యలేదు, డబ్బులు పెట్టి కొన్నా కదా. గులాబీ కడ్డీలో గోధుమరంగు, కొంచెం నలుపు కలిపి పిసికాను. సమంగా కలవలేదు, మచ్చలు మచ్చలుగా వచ్చింది. మొదట బాధనిపించింది, తర్వాత చూస్తే నిజం చిగుళ్ళు అలాగే ఉంటాయి. మొహాలు మానేశాను. దవడలు, చిగుళ్ళు, పళ్ళు, అంతే.

దవడల్లో ఒకటి ఎవరిదో చెప్పలేదు మీకు. నాలుగేళ్ళ కిందట ఒక ముసలమ్మ కొలత ఇచ్చి వెళ్ళింది. సెట్టు తయారయ్యేలోపే పోయిందని కొడుకు ఫోన్ చేశాడు. ప్లాస్టర్ మోడల్ అరలో ఉండిపోయింది. కింది పన్ను ఒక్కటి మిగిలుంది ఆమెకి, ముందరిది, బాగా అరిగి. వేరే మోడల్ వాడదామని చూశాను. నోరు తెరిపిస్తే ఇదే మాట్లాడినట్టుంటోంది, మిగతావి ఆవలించినట్టున్నాయి. ఆమె నోట్లో నేను ఏ మాటా పెట్టట్లేదు. వంటింటి కెమెరా గారూ, ఇది మీ పోస్టు చదివాక తీసుకున్న నిర్ణయమే. ఇంకో దవడ మాట్లాడుతూ పోతుంది, ఇది వింటుంది, మధ్యలో ఒకసారి ఆ ఒంటి పన్నుతో దాని మాటని కొరుకుతుంది.

ఇప్పటికి నూట పన్నెండు ఫొటోలయ్యాయి. ఒక చిన్న ఇబ్బంది: ప్లాస్టర్ దవడ సగం తెరిచి నిలబెడితే పది ఫొటోలకి నెమ్మదిగా కిందికి జారుతోంది. వెనక మైనం ముద్ద పెట్టి చూశాను, ఏసీ ఆపగానే మెత్తబడుతోంది. ఆర్టిక్యులేటర్‌కి (దవడలు బిగించి తెరిచి మూసే పరికరం) బిగిద్దామంటే అది ఫ్రేములో కనిపిస్తుంది. ఎవరైనా ఇలా ఫొటో ఫొటోకీ బొమ్మని కదుపుతూ స్టాప్ మోషన్ చేసినవాళ్ళుంటే ఏం వాడతారో చెప్పండి.

కేతిగాడి మనవడు:

ఆర్టిక్యులేటర్ కనపడనీ అక్కా. మా తాత తెర వెనక బొమ్మల్ని ఆడించే వెదురు దబ్బలు దాచలేదు, దీపం వెలుగులో నీడ పడేది.